పాత సామాను – క్రొత్త సామాను: ఏది ఎక్కువ కాలము మన్నును?

గత వేసవి సెలవులకు ముందు ఒకనాటి సాయంకాలము మన పాఠశాల విద్యార్థి ఒకని తల్లి నా యొద్దకు వచ్చెను. ఆమె చేతిసంచిలో నాలుగు కంచు కంచములు, ఒక మరచెంబు, అడుగున చిల్లుపడిన ఇత్తడి డేగిసా ఒకటి ఉండెను. ఇంటికడ ఒక పెద్ద ఇత్తడి గుండిగ కూడ కలదట. వీధిలోనికి పాత్రల వర్తకుడు వచ్చియున్నాడనియు, ఈ పాత లోహమంతయు తూచి పుచ్చుకొని క్రొత్త స్టీలు సామాను ఇచ్చుననియు, బాలుని పై తరగతి పుస్తకములకు అక్కరకు వచ్చునట్లు కొంత పైకము కూడ చేతికి ఇచ్చుననియు ఆమె చెప్పెను.

“మాస్టారూ, ఇవి మా అత్తగారి కాలంనాటివి. ఇచ్చేస్తే మళ్లీ రావు. ఉంచుదామంటే వాడేవాళ్లు లేరు. పాతవే గట్టివంటారు గదా, అది నిజమేనా?” అని అడిగెను.

తెలుగు చెప్పుకొను వానికి ఈ గిన్నెల తగవు ఏల అని మీకు తోచవచ్చును. ఆమె బాలుడు నా తరగతిలో ‘మా ఇంటి వస్తువులు’ అను వ్యాసము వ్రాసి, అందు ఈ కంచములను గూర్చి ఎంతయో గర్వముగా చెప్పియుండెను. దానిని నేను మెచ్చుకొంటిని. ఆ మెప్పుదలయే ఆమెను నా కడకు నడిపించినది. వర్తకుడు రెండు దినములు ఊరిలోనే ఉండునని తెలిసి, రెండు దినములు గడువు అడిగితిని. ఆ గడువులో నేను ఆలోచించినదియు, మా ఇంట పరిశీలించినదియు ఇచట వ్రాయుచున్నాను. ఇటువంటి ప్రశ్న మనలో అనేకుల ఇండ్లలో ఉన్నదని నాకు తెలియును.

పెద్దలు కూర్చుండిన చోటనెల్ల వినవచ్చు మాట ఒకటి కలదు: ఆ కాలపు వస్తువు మనుమల దాక వచ్చెడిది, ఈ కాలపు వస్తువు మరుసటి పండుగ దాక రాదు అని. ఈ మాటలో సత్యము లేకపోలేదు. కాని ఒక పొరపాటు కూడ దాగియున్నది. మన కంటికి నేడు కనబడుచున్న పాత వస్తువులన్నియు మిగిలినవి మాత్రమే. విరిగినవి, చిల్లులు పడినవి, త్రుప్పు తినినవి ఎప్పుడో పెంటకుప్పలోనికో కొలిమిలోనికో పోయినవి. మిగిలిన పదింటిని చూచి పోయిన తొంబదింటిని మరచుట, దీర్ఘాయువు గల ఒక తాతగారిని చూచి ఆ కాలమున అందరును నూరేండ్లు బ్రదికిరని తలచుట వంటిది.

మట్టికుండనే చూడుడు. మన పూర్వుల వంట అంతయు మట్టికుండలలోనే కదా సాగినది! కుండ పగులని ఇల్లు కలదా? కుమ్మరి ఇంటికి పోవుట నెలకొకసారి తప్పని పని. శ్రీకాకుళము జిల్లాలో వంశధారా తీరమున శాలిహుండము కొండమీద బౌద్ధుల కాలపు కట్టడములను త్రవ్వినప్పుడు మట్టిపాత్రల పెంకులు విరివిగా బయటపడినవి. అట్టి త్రవ్వకములలో లోహపాత్రలు అరుదుగా దొరకును. దీనిని బట్టి ఆ కాలమువారికి లోహపాత్రలే లేవనరాదు. కుండ పగిలినచో దాని పెంకుతో ఎవరికిని పనిలేదు గనుక అది మట్టిలో పడియుండెను. లోహపాత్ర పగిలినచో దానిని కరగించి మరియొక పాత్ర చేసికొనిరి. పనికిరానిదగుటచేతనే పెంకు వేలయేండ్లు నిలిచినది. ‘మన్నుట’ అను మాటకు ఎన్ని అర్థములున్నవో దీనిని బట్టి ఊహింపుడు.

సరియైన లెక్క కావలెనన్నచో, మిగిలిన వస్తువులను గాక, మొదట ఉన్నవాని పట్టికను పుచ్చుకొని ఒక్కొక్కటి ఏమైనదో విచారింపవలెను. అదృష్టవశమున మా ఇంట అట్టి పట్టిక ఒకటి ఉన్నది. 1974లో మా అమ్మకు పెండ్లి అయినపుడు ఆమెతో పంపిన సారె సామాను వివరము మా మాతామహులు తమ చేతితో ఒక కాగితముపై వ్రాసి ఇచ్చిరి. అమ్మ దానిని పెట్టె అడుగున భద్రపరచినది. ఆ రాత్రి దానిని తీయించి, అమ్మను ఎదుట కూర్చుండబెట్టుకొని ఒక్కొక్క పద్దు చదివితిని.

కంచు కంచములు నాలుగు: మూడున్నవి. ఒకటి మెట్టుమీద పడి పగిలినది. ఇత్తడి బిందెలు రెండు: ఒకటి అడుగు అరిగి చిల్లుపడినది, రెండవది మారుబేరమునకు పోయినది. గుండిగ ఒకటి: ఉన్నది, అందు బియ్యము పోసికొనుచున్నాము. గంగాళము ఒకటి: లేదు. దాని కథ ముందు చెప్పెదను. ఇత్తడి చెంబులు ఆరు: రెండున్నవి, రెండు ఆడపడుచులకు ఇచ్చితిమి, రెండు గంగాళముతో కూడ పోయినవి. అల్యూమినియము తపేలాలు మూడు: మూడును సొట్టలు పడి, అడుగున చుక్కచుక్కలుగా తినివేయబడి ఎప్పుడో పారవేయబడినవి. పింగాణీ జాడీలు రెండు: ఒకటి ఉన్నది. లాంతరు, జల్లెడ, చేటలు రెండు, చాపలు రెండు: ఏ ఒక్కటియు లేదు. ఇక స్టీలు గ్లాసులు ఆరు: అయిదున్నవి! ఆరవది ఒక పెండ్లిలో ఎవరి సామానులోనో కలిసిపోయినదని అమ్మ నేటికిని అనుమానపడుచున్నది.

ముప్పదియొక్క వస్తువులలో పండ్రెండు మిగిలినవి. నాకు ఆశ్చర్యము కలిగించినది స్టీలు గ్లాసులే. 1974లో స్టీలు అనగా క్రొత్త వింత. ఆ నాడు దానిని ‘నవనాగరిక వస్తువు’ అని పెద్దవారు ఈసడించియుందురు. యాబదియేండ్ల పిమ్మట పట్టికయంతటిలో అందరికంటె తక్కువ నష్టపోయినది అదియే. కళాయి లేదు, కిలుము లేదు, మెరుపు మాత్రము కొంత తగ్గినది. కావున క్రొత్తదంతయు లోకువ అనుట చెల్లదు.

రెండవ విషయము ఇంకను ఆలోచింపదగినది. ఇత్తడి సామానులో తనంతట తాను పాడైనది ఒక్క బిందె మాత్రమే. తక్కినవి మేము పంపగా పోయినవి.

గంగాళము కథ ఇది. 2006లో అద్దె ఇల్లు మారునపుడు, మోయలేమని, తోమువారు లేరని, ఒక వర్తకునికి దానిని తూచి ఇచ్చితిని. పదకొండు కిలోలు తూగినది. బదులుగా రెండు పెద్ద ప్లాస్టికు తొట్లు, కొన్ని స్టీలు పళ్లెములు వచ్చినవి. ఆ బేరము చాల లాభసాటి అని ఇంటికి నవ్వుచు వచ్చితిని. తొట్లలో ఒకటి ఎండకు పెళుసెక్కి మూడవ వేసవిలో నిలువున చీలినది. ఆ సంవత్సరపు దీపావళినాడు తెల్లవారుజామున తలంటు నీళ్ళు కాచుటకు అమ్మ పెరటిలోనికి పోయి, “గంగాళం ఏదిరా?” అని అడిగినది. ఇచ్చివేసిన సంగతి ఆమెకు తెలియును. అలవాటుచేత నోట వచ్చిన మాట అది. నేను సమాధానము చెప్పలేదు.

అట్లని ఇత్తడిని ఆకాశమునకు ఎత్తుటకు నాకు మనసొప్పదు. నాకు పదేండ్ల వయస్సున ఒకనాటి రాత్రి మిగిలిన చింతపండు పులుసు, కళాయి పోయిన ఇత్తడి గిన్నెలోనే ఉండిపోయినది. మరునాడు దానిని కలుపుకొని తినిన మేము నలుగురమును వాంతులతో, కడుపునొప్పితో రెండు పూటలు మంచము పట్టితిమి. ఇత్తడి అనునది రాగి, తుత్తునాగముల మిశ్రమము. పులుపు తగిలిన యెడల రాగి కరగి వంటలో కలియును. ఆ రాగియే వాంతికి కారణము. దీనిని నివారించుటకే పెద్దలు లోపల తగరపు పూత పూయించెడివారు. దానినే మనము కళాయి అందుము.

కళాయి వేయు పనిని చూడని పిల్లలు నేడు తరగతికి సగముకంటె ఎక్కువ యున్నారు గనుక కొంచెము వివరించెదను. కళాయివాడు వీధి మొగదలలో చిన్న గుంట త్రవ్వి, బొగ్గులు పోసి, తోలుతిత్తితో నిప్పు రాజవేయును. పాత్రను చింతపండుతోను ఇసుకతోను తోమి, నిప్పుపై వేడిచేసి, నవాసాగరపు పొడి చల్లును. తెల్లని ఘాటైన పొగ గుప్పున లేచును. నవాసాగరము లోహముపైనున్న మలినపు పొరను విడగొట్టును. తగరము 232 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమికే కరగును గనుక, తగరపు ముక్కను పాత్రకు తాకించినంతనే వెండినీరువలె పారును. దానిని దూదితో ఒక్క త్రిప్పు త్రిప్పి రుద్దినచో నల్లబడిన గిన్నె క్షణములో అద్దమగును. చిన్ననాట ఆ త్రిప్పు చూచుటకు బడి ఎగవేసినవాడను నేను. (ఇది మా విద్యార్థులు అనుకరింపవలసిన పని కాదు.)

ఈ పూత శాశ్వతము కాదు. నిత్యము వాడు పాత్రకు కొన్ని మాసములలోనే అరిగిపోవును. మరల వేయింపవలెను. అనగా మనము పదితరములు మన్నినదని పొగడు ఇత్తడి గిన్నె, నిజమునకు సంవత్సరమునకు ఒకటిరెండు మారులు పాడగుచు, మరల బాగుపడుచు వచ్చిన గిన్నె.

ఈ విషయము నా మనసున నాటుకొన్న తరువాత, నేటి వంటింటిలోని అంటుకొనని పెనమును చూచితిని. దానిపైనున్న నల్లని పూత 1938లో అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు రాయ్ ప్లంకెట్ కనుగొన్న టెఫ్లాను జాతిది. అదియు పూతయే, కళాయియు పూతయే. రెండును అరుగును. రెండింటికిని పొరపాటు వాడుకచేత హాని కలదు: కళాయి పోయినచో రాగి కలియును, టెఫ్లాను పూతను ఖాళీ పెనముపై మితిమీరి కాల్చినచో చెడ్డ పొగలు వచ్చును. భేద మెక్కడ ఉన్నదనగా, కళాయి పోయిన గిన్నెకు మరల కళాయి వేయుటకు మనిషి వీధిలోనికి వచ్చెడివాడు. పూత పోయిన పెనమునకు మన వీధిలో వైద్యుడు లేడు. అది చెత్తబుట్టకు పోవలసినదే. పాత ఇనుప అట్ల పెనము సంగతి ఇంకను విచిత్రము. దాని పూత ఇల్లాలే పూయును. నూనె రాచి కాల్చగా కాల్చగా ఆ నూనెయే గట్టిపడి నల్లని నునుపు పొరయై, అట్టు అంటకుండ లేచివచ్చును. త్రుప్పు పట్టినచో రాచి తోమి మరల నూనె పెట్టినచాలును. వాడిన కొలదియు మెరుగగు వస్తువులు లోకములో కొన్నియే, అందు ఇదొకటి. అయితే పోతపోసిన ఇనుప పెనము రాతిమీద పడినచో పెళుక్కున విరుగును. దానిని అతుకుట మాత్రము సులభము కాదు.

కంచును గూర్చి వేరుగ చెప్పవలసియున్నది. రమారమి నాలుగు పాళ్ళు రాగికి ఒక పాలు తగరము చేర్చిన యెడల కంచు అగును. అంత తగరము చేరుటచేత అది గట్టిపడును, గంటవలె మ్రోగును, కాని పెళుసగును. చల్లగానున్నపుడు సుత్తితో కొట్టినచో పగులును. అందుకే పనివారు దానిని ఎర్రగా కాల్చి, ఆ వేడి ఆరకముందే సుత్తులతో సాగగొట్టుదురు, చల్లారినచో మరల కాల్చుదురు. శ్రీకాకుళము జిల్లాలోని బుడితి, ఒడిశాలో భువనేశ్వరము చెంతనున్న బాలకాటి, మహానది ఒడ్డున కంటిలో, ఈ పనికి పేరుపడిన ఊళ్ళు. మన పర్లాకిమిడి ప్రాంతమున తెలుగువారు కంచరి అనునది, ఒడియా ఇరుగుపొరుగు కంసారి అనునది, రెండును సంస్కృత కాంస్యకార శబ్దమునుండి పుట్టినవే. 1936 ఏప్రిలు 1న రాష్ట్రపు సరిహద్దు గీతలు మారినను ఈ మాటకు గాని, ఈ పాత్రలకు గాని ఆ గీత పట్టలేదు. పగిలిన కంచు కంచమునకు మాటు వేయుట కష్టము, వేసినను మ్రోత రాదు. కాని దానిని కరగించి మరల కంచము చేయవచ్చును. మూడుతరముల కంచము పగిలిన నాడు అది నాలుగవ తరమునకు మరియొక కంచముగా పుట్టవచ్చును.

అల్యూమినియము కథ క్లుప్తముగా చెప్పి ముగించెదను. పందొమ్మిదవ శతాబ్దపు చివర మద్రాసులో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అను ఇంజనీరు చిత్రకళాశాల కార్యశాలయందు ఈ పాత్రల తయారీని ప్రవేశపెట్టెను. అది రాగిలో మూడవవంతుకంటె తక్కువ బరువు గలది, చవక, త్వరగా వేడెక్కును. పేదల పొయ్యికి అది చేసిన మేలు తక్కువది కాదు. కాని మెత్తనిది, ఉప్పు పులుపులకు ఓర్వదు. మా సారె తపేలాలు అందుకు సాక్షులు.

స్టీలు గొప్పతనమునకు కారణము దాని పైపొర. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున హ్యారీ బ్రెయర్లీ క్రోమియము కలిపిన ఉక్కు త్రుప్పు పట్టదని గమనించెను. మంచి వంటపాత్రలలో నూటికి 18 పాళ్ళు క్రోమియము, 8 పాళ్ళు నికెలు ఉండును. ఆ క్రోమియము గాలితో కలిసి కంటికి కానరాని పొర ఏర్పరచును. గీత పడినచో ఆ పొర తనంతట తాను మరల ఏర్పడును. దీనికి కళాయివాడు లోపలనే ఉన్నాడన్నమాట! ఐతే నికెలు తగ్గించి చేసిన చవకరకమునకు మచ్చలు, త్రుప్పు త్వరగా రాగలవు. రేకు మరీ పలుచనైనచో అడుగంటును, సొట్టపడును. స్టీలు అని పేరు పెట్టినంత మాత్రమున అన్నియు మా అమ్మ గ్లాసులు కావు.

రోలు విషయమున ఎవరును వాదింపలేరు. రాయి మన్నునట్లు మరేదియు మన్నదు. అయినను దానికిని అరుగుదల కలదు. నునుపెక్కిన రోలు పప్పును రుబ్బదు, జార్చును. అప్పుడు ఉలితో గంట్లు పెట్టువారు వచ్చెడివారు. కోయంబత్తూరులో 1955 ప్రాంతమున పుట్టిన విద్యుత్తు రుబ్బురోలు రాతిని విడువలేదు, చేతిని మాత్రము విడిపించినది. దానిలో రాయి చెడదు, పట్టీ తెగును, మోటారు కాలును. మిక్సీలో ఐతే తిరుగు భాగమునకు ఒరసికొను బొగ్గు ముక్కలు అరుగును. అవి చిన్న వెలకే దొరకును. దొరకిన చోట యంత్రము మరికొన్నేండ్లు బ్రదుకును, దొరకని చోట అంతయు తుక్కు. ఇంతకును, తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి రుబ్బిన ఆడువారి భుజములు ఎంతకాలము మన్నినవో ఏ పట్టికలోను ఎవరును వ్రాయలేదు. మా అమ్మను అడిగితిని. “రోలు వద్దు నాయనా, మిక్సీ పాడైతే ఇంకోటి కొను” అని ఆమె తీర్పు చెప్పినది.

వస్తువు త్వరగా పాడగునట్లు బుద్ధిపూర్వకముగా చేయుదురా అని పై తరగతి విద్యార్థులు నన్ను తరచు అడుగుదురు. చేసిన సందర్భము ఒకటి చరిత్రలో నమోదైయున్నది. 1924లో స్విట్జర్లాండులోని జెనీవాలో పెద్ద పెద్ద విద్యుద్దీపముల కంపెనీలు ఫీబస్ అను కూటమిగా చేరి, బల్బు వెయ్యి గంటలకు మించి వెలుగరాదని కట్టడి చేసికొని, మించినవారికి జరిమానా విధించినవి. అంతకుముందు బల్బులు 1500 మొదలు 2000 గంటల వరకు వెలిగెడివి. తీగ ఎక్కువ వేడిగా మండినచో వెలుతురు ఎక్కువ వచ్చును, ఆయువు తగ్గును అను శాస్త్రసత్యము వారి పక్షమున కొంత ఉన్నది. కాని ఎక్కువ కాలము వెలిగించిన నేరమునకు జరిమానా వేయుట శాస్త్రము కాదు, వ్యాపారము. మన దేశమున 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ ‘మరమ్మతు హక్కు’ను గూర్చి ఒక సంఘమును నియమించి, ఆ సంవత్సరము డిసెంబరులో కంపెనీల మరమ్మతు వివరములు ఒకచోట లభించునట్లు ఒక వేదికను ప్రారంభించినది. కళాయివాని కేక వినుచు పెరిగిన వారికి మరమ్మతు ఒక హక్కుగా అడుగవలసిన కాలము వచ్చుట వింతగా తోచును.

ఇన్ని విచారించిన పిమ్మట నాకు తేలినది ఇది. వస్తువు ఆయువు సగము దాని లోహములోను, సగము దానిని బాగుచేయు చేతిలోను ఉన్నది. పాత వస్తువు దళసరియగుట నిజమే, కాని చేయి లేని నాడు దళసరి ఇత్తడియు అక్కరకు రాదు. మన వీధిలోనికి కళాయివాడు వచ్చి ఎన్నేండ్లయినది? నేను లెక్కించి చూచితిని, నాకు గుర్తురాలేదు.

మూడవనాడు ఆ తల్లి మరల వచ్చెను. నేను చెప్పినది ఈ విధముగా ఉన్నది. కంచు కంచములు అమ్మవలదు. వానికి కళాయి అక్కరలేదు, రోజును వాడవచ్చును, అన్నము తిని వెంటనే కడిగి తుడిచిన చాలును, పులుసు మాత్రము రాత్రియంతయు నిలువ ఉంచరాదు. డేగిసా అడుగున మాటు వేయించిన గుర్తు పాతది ఒకటి కనబడుచున్నది. ఆ మాటులో తగరముతోపాటు సీసము కలిపియుందురు. సీసము పిల్లలకు మిక్కిలి హానికరము, కావున దానిని పొయ్యి ఎక్కింపక ఇచ్చివేయుట మేలు. గుండిగకు కళాయి వేయించు దారి దొరకువరకు అందు పొడి ధాన్యము పోసికొనవచ్చును. కళాయి వేయించునాడు సీసము కలియని తగరమే కావలెనని గట్టిగా చెప్పవలెను. మరచెంబు ఆమె ఇష్టము.

మరొక మాట కూడ చెప్పితిని. తగరము రాగికంటె వెలగలది, తుత్తునాగము చవకది. కావున కంచు వెల వేరు, ఇత్తడి వెల వేరు. తూచునపుడు రెండును ఒకే కుప్పగా వేయనీయరాదు. అనుమానమున్నచో అంచును పట్టుకొనక అరచేతిపై నిలిపి వ్రేలితో మీటినచో కంచు చాలసేపు మ్రోగును, ఇత్తడి త్వరగా అణగిపోవును. గంగాళము ఇచ్చిననాడు దానితో రెండు చిన్న కంచు గిన్నెలు కూడ ఆ కుప్పలోనే పోయినవని నాకు తరువాత తెలిసినది. సారె పట్టికలో లేనందున వానికి లెక్క కూడ లేదు.

ఆమె డేగిసాను, మరచెంబును తూకమునకు వేసెను. వచ్చిన పైకము బాలుని పుస్తకములకు చాలలేదు. తక్కువైనది మరుసటి నెల ఇచ్చునట్లు పుస్తకముల దుకాణమువాని నొప్పించి, కంచములను సంచిలో పెట్టుకొని ఇంటికి పోయెను. బడి తెరచిన తరువాత ఆ బాలుడు నా బల్ల కడకు వచ్చి, “కళాయి వేసేవాడు బుడితిలో ఉన్నాడంటండి మాస్టారూ, మా మావయ్య చెప్పాడు. దసరా సెలవుల్లో గుండిగ పట్టుకెళ్తాం. మీది కూడా ఇవ్వండి” అనెను.

మా గుండిగలోని బియ్యము డబ్బాలోనికి మార్చుచున్నాము.